చెట్లపై వ్రేలాడే మొక్కలు: వాటిని గుర్తుపట్టడం ఎట్లా?



చెట్టుకొమ్మ మీద వేరొక మొక్క పచ్చగా వ్రేలాడుతూ కనబడితే మన పల్లెల్లో దానికి పెట్టే పేరు చాలావరకు ఒక్కటే. అది బదనిక. ఆకు వెడల్పుగా వున్నా బదనికే, ఈకలాగా చీలివున్నా బదనికే. ఎర్రపూలు పూసినా బదనికే, అసలు పూయకపోయినా బదనికే. పేరుదేముంది, ఏదైతేనేం అనిపించవచ్చు. కాని ఈ ఒక్క పేరు క్రింద మనం జమకట్టిన మొక్కల్లో రెండు జాతుల గుణాలున్నాయి. కొన్ని చెట్టు నీటిని దొంగిలించి బ్రతికేవి. కొన్ని చెట్టుకు ఏ అపకారమూ చేయక, నిలవడానికి ఇంత చోటు మాత్రం అడిగేవి. తేడా తెలియకపోతే మనం చుట్టాన్ని తరిమి దొంగను ఇంట్లో వుంచుకుంటాము. అందుచేత కత్తి పట్టకముందు గుర్తు పట్టడం నేర్చుకోవలె.

ఈ తికమక మనతో మొదలయింది కాదు. అమరకోశంలో ఇటువంటి మొక్కకు చెప్పిన పర్యాయపదాల్లో “వృక్షాదని” ఒకటి, “వృక్షరుహ” మరొకటి. వృక్షాదని అంటే చెట్టును తినేది. వృక్షరుహ అంటే చెట్టుమీద పెరిగేది. తినడం వేరు, పెరగడం వేరు గదా! ఈ రెండు మాటల మధ్య వున్న తేడాయే ఈనాటి మన ప్రసంగం సారాంశం.

చెట్టుమీది ఫెర్ను

ముందుగా చెట్టుమీద పెరిగేదాన్ని, అంటే తినని దాన్ని, చూద్దాం. ఇందులో ముఖ్యమైనది ఫెర్ను. ఫెర్ను అంటే మనకు తెలియని వస్తువేమీ కాదు. పాడిపశువులకు మేతగా గుంటల్లో పెంచే అజొల్లా కూడా ఒక ఫెర్నే, నీటిమీద తేలే ఫెర్ను. మన ప్రాంతపు రాళ్ళగుట్టల సందుల్లో వానకు విచ్చుకుని, ఎండకు ముడుచుకునే మయూరశిఖ మరొక ఫెర్ను. వీటి బంధువులలో కొన్ని నేలను విడిచి చెట్లెక్కాయి.

మన రాష్ట్రంలో, తూర్పు కనుమల అడవుల్లో, అటువంటి వాటిలో పెద్దగా కంటబడేదాన్ని శాస్త్రజ్ఞులు డ్రైనేరియా క్వెర్సిఫోలియా అంటారు. అనంతగిరి, అరకు వైపు వెళ్ళినవారు పెద్దపెద్ద చెట్ల కొమ్మల మీద, రాతిబండల మీద దీన్ని చూచే వుంటారు. 1753లో లిన్నేయస్ అనే శాస్త్రజ్ఞుడు దీని ఆకు ఓక్ అనే విదేశపు చెట్టు ఆకును పోలి వుందని ఆ పేరు పెట్టాడు.

దీన్ని గుర్తుపట్టడం కష్టం కాదు. ఒకే మొక్కకు రెండు రకాల ఆకులుంటాయి. ఒక రకం పొట్టివి, జానెడు మొదలు మూరెడు లోపు. వీటికి కాడ వుండదు. కొమ్మను అంటిపెట్టుకుని దోసిలి పట్టినట్లు నిలబడతాయి. కొద్ది కాలానికే ఎండి, గోధుమరంగుకు తిరిగి, కాగితంలాగా గరగరలాడుతాయి. అయినా రాలిపోవు. రెండో రకం ఆకులు పచ్చనివి, కాడ వున్నవి, రెండు మూడు అడుగుల పొడవువి. నడి ఈనె దాకా ఇరువైపులా లోతుగా చీలివుండి, కొమ్మనుంచి వంగి వ్రేలాడుతుంటాయి. ఈ పచ్చ ఆకును త్రిప్పి వెనుకవైపు చూస్తే, ప్రక్క ఈనెల నడుమ రెండేసి వరుసలుగా గోధుమరంగు చుక్కలు కనబడతాయి. తెగులు అనుకోవద్దు. ఫెర్నుకు పువ్వు లేదు, కాయ లేదు, గింజ లేదు. ఆ చుక్కలలో వుండే పొడే దాని విత్తనం. వాటిని సిద్ధబీజాలంటారు.

ఆ ఎండిన దోసిలి ఆకులు ఎందుకు రాలవంటే, మొక్కకు అవే ఎరువుగుంటలు. పైనుంచి రాలే ఆకులు, దుమ్ము, పిట్టల రెట్ట వాటిలో చేరి మెల్లగా కుళ్ళి ఎరువవుతుంది. వాన నీరు కొంత అందులో నిలుస్తుంది. ఫెర్ను వేళ్ళు ఆ ఎరువులోకి పాకి ఆహారం తీసుకుంటాయి. చెట్టు బెరడులోకి అవి దిగవు, చెట్టు సారాన్ని ముట్టవు. మన ఇంటి అరుగుమీద కూర్చుని, తన చద్దిమూట తానే విప్పుకు తినే బాటసారి వంటిది ఈ ఫెర్ను.

ఆకుల మొదట వేలికన్నా లావుగా, గోధుమరంగు నూగుతో కప్పబడిన దుంపవంటి కాండం కొమ్మ వెంబడి పాకుతుంది. తమిళనాడులో కొల్లిమలై, ఏర్కాడు కొండల మీద ఈ కాండాన్నే “ముడవాట్టుకాల్” అని అమ్ముతారు. చూడటానికి బొచ్చుతో వున్న మేకకాలులాగా వుంటుంది కనుక ఆ పేరు. చారు కాచుకుని త్రాగుతారు. కొనేవారు పెరిగినకొద్దీ కొండమీద మొక్క తరిగిపోతుంది. శ్రీశైలమో, అహోబిలమో యాత్రకు వెళ్ళినప్పుడు అడవిలో ఇటువంటి మొక్కలు కనబడినా పెరికి తేవద్దు. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం పరిధిలో మొక్క పెరకడం చట్టరీత్యా నేరం. అదీగాక, తెచ్చినా మన ఎండలకు అది బ్రతకదు. వాకిట్లో వ్రేలాడే ఫెర్ను కావాలనుకునేవారు నర్సరీలో కుండీమొక్క కొనుక్కోవడం మేలు.

మనవైపు ఎందుకు కనబడదు?

మన గోనెగండ్ల, ఎమ్మిగనూరు, ఆదోని ప్రాంతం అల్ప వర్షపాత మండలంలో చేరింది. ఈ మండలంలో సంవత్సరానికి 500 నుంచి 750 మిల్లీమీటర్ల వాన మాత్రమే. అదైనా కొన్ని నెలల్లోనే కురిసిపోతుంది. ఫెర్నుకు ఇది చాలదు. దాని సిద్ధబీజం తడి చోట పడి, గోరంత పచ్చని రేకుగా మొలుస్తుంది. ఆ రేకు మీద మగకణం ఆడకణాన్ని చేరాలంటే నీటిపొరలో ఈదుకుంటూ పోవలసిందే. నీటిపొర లేకపోతే కొత్త మొక్క పుట్టదు. మన వేపమాను బెరడు మీద అంత తడి ఎన్ని రోజులు నిలుస్తుంది? అందుకే మన వూళ్ళలో ఫెర్నులు చెట్టుమీద గాక, పాత దిగుడుబావుల రాళ్ళ సందుల్లోనూ, కాలువ తూముల చెమ్మలోనూ బ్రతుకుతుంటాయి.

దీన్నిబట్టి మనం గ్రహించవలసిన దేమిటి? గోనెగండ్ల చుట్టుప్రక్కల చేనుగట్టు మీది వేపమానునో, గాజులదిన్నె ఆయకట్టులోని కానుగచెట్టునో వేసవిలో కూడా పచ్చగా ఒక గుబురు వ్రేలాడుతున్నదంటే, అది ఫెర్ను కావడం అరుదు. ఎండాకాలంలో చెట్టే వాడిపోతుంటే, పైనున్న మొక్క మాత్రం నిగనిగలాడుతున్నదంటే, దానికి నీరు ఎవరో పోస్తున్నారన్న మాట. ఆ పోసేది మన చెట్టే.

అసలు బదనిక

ఇకపోతే చెట్టును తినేదాన్ని చూద్దాం. దీని శాస్త్రనామం డెండ్రాఫ్తి ఫల్కేటా. మామిడి, వేప, కానుగ, సపోట, జామ, దానిమ్మ ఇట్లా మూడు వందలకు పైగా జాతుల చెట్ల మీద ఇది పెరుగుతుందని లెక్క కట్టారు. ఆకులు దళసరిగా, తోలులాగా, పెళుసుగా వుంటాయి. ఈనెలు కొంచెం ఎరుపు తిరిగివుంటాయి. పూలు సన్నని గొట్టాలవలె, ఎరుపు, నారింజ రంగుల్లో గుత్తులుగా పూస్తాయి. పండు చిన్నది, లోపల జిగురు.

ఈ జిగురులోనే దాని యుక్తి అంతా వుంది. బొటనవేలంత చిన్న పిట్ట ఒకటి ఈ పండ్లను ఇష్టంగా తింటుంది. గింజ దానికి అరగదు. రెట్టతోపాటు వచ్చిన గింజ జిగురుగా అంటుకుని వుంటుంది గనుక, పిట్ట దాన్ని కొమ్మకు రాచి వదిలించుకుంటుంది. అంటే పిట్టే విత్తనం చల్లుతున్నదన్న మాట. మన్ను లేకుండానే ఆ గింజ మొలుస్తుంది. మొలక బెరడును చీల్చుకుని లోపలి కట్టెదాకా దిగి, చెట్టు నీటిగొట్టాలతో తన గొట్టాలు కలుపుకుంటుంది. అక్కడ కొమ్మ బొడిపెలాగా ఉబ్బుతుంది. అంతటితో ఆగక, బెరడు మీదుగా వేరువంటి పిలకలను పాకించి మరికొన్ని చోట్ల పట్టు వేస్తుంది.

బదనిక ఆకు పచ్చగానే వుంటుంది కనుక తన అన్నం తానే వండుకుంటుంది. కాని వంటకు కావలసిన నీరు, లవణాలు మొత్తం చెట్టువే. పైగా చెట్టు ఆకులు నీటిని పొదుపు చేసుకునే వేళ కూడా బదనిక ఆకులు ఆ పొదుపు పాటించవు. వానలు మెండుగా వున్నచోట చెట్టు దీన్ని కొంతకాలం భరిస్తుంది. మనవంటి కరువు సీమలో ఎట్లా భరిస్తుంది? బొడిపెకు అవతలి కొమ్మ సన్నబడి, ఆకు చిన్నదై, కాపు తగ్గి, చివరకు ఎండిపోతుంది.

ఒక పెద్దరైతు నన్ను అడిగాడు: “ఏం సార్, వేపమాను మీద నాలుగు బదనికలుంటే కొంప మునుగుతుందా? నేనేమన్నా వేపకాయలు అమ్ముకుంటానా?” అని. “పెద్దాయనా, మీరు పత్తికి కొట్టే కషాయం ఎక్కడిది?” అన్నాను. నూరు లీటర్ల నీటికి అయిదు కిలోల వేపగింజల పొడి కావాలి. ఆ గింజ గట్టు మీది మాను ఇస్తే పైసా ఖర్చు లేదు. కొమ్మలు ఎండి కాపు పోతే ఆ గింజను అంగట్లో కొనుక్కోవాలి, లేదా పురుగుమందు కొనాలి. మాను క్రింద ఎద్దులకు నీడ, మేకలకు మండ, మన మధ్యాహ్నపు కునుకు సంగతి వేరే చెప్పాలా?

ఇంకొన్ని పోలికలు

ఈ రెండూ గాక మరికొన్ని మొక్కలు మన కంటిని మోసం చేస్తాయి.

మొదటిది తిప్పతీగ. వేపచెట్టు పైనుంచి దారాలవంటి వేళ్ళు నేలదాకా వ్రేలాడుతుంటే అది తిప్పతీగే. ఆకు తమలపాకు మాదిరి హృదయాకారంలో వుంటుంది. ఇది నేలలో మొలిచి చెట్టెక్కినది. అడుగున తీగ నరికినా, పైనుంచి దారం దించి మళ్ళీ నేలను అందుకుంటుంది. చెట్టును ఊతగా వాడుకుంటుందే గాని సారం పీల్చదు. మరీ కమ్ముకుంటే పలుచన చేస్తే చాలు.

రెండవది కొమ్మలకు అంటుకున్న ఆర్కిడ్. మామిడితోటల్లో అక్కడక్కడా కనబడుతుంది. దళసరి పట్టీలవంటి ఆకులు, తెల్లని లావు వేళ్ళు. ఆ వేళ్ళు వానకు తడిస్తే పచ్చబడతాయి. పసుపు, గోధుమరంగు గళ్ళ పూలు పూస్తాయి. దీన్ని కూడా బదనిక అనే అంటారు. దీని జాతికి పెట్టిన “వాండా” అనే పేరు సంస్కృతంలోని “వందా” నుంచి వచ్చినదే. 18వ శతాబ్ది చివరలో కలకత్తాలోని సర్ విలియం జోన్సు దాన్ని శాస్త్రగ్రంథాల కెక్కించాడు. పేరు బదనికదైనా గుణం ఫెర్నుది. చెట్టును తినదు. తీసివేయనక్కరలేదు.

మూడవది బంగారు తీగ. ఆకు లేదు, పచ్చదనం లేదు, పసుపుపచ్చని దారాలు. ఇది పూర్తిగా పరాన్నభుక్కు. చెట్లమీదా పాకుతుంది, దీని బంధువులు చేలలోనూ చేరతాయి. మన ప్రాంతంలో ఉల్లి, మిరప వేసేవారు దీన్ని మరింత కనిపెట్టి వుండాలి. కనబడిన వెంటనే, పూత రాకముందే, అది అల్లుకున్న పైరు మొక్కలతో సహా పెరికి కాల్చివేయాలి. దీని గింజ నేలలో ఏండ్ల తరబడి చావకుండా పడివుంటుంది.

నాలుగవది రావి, మర్రి మొలక. తాటిమట్టల సందులోనో, వేపమాను తొర్రలోనో పిట్ట రెట్టతో పడి మొలుస్తుంది. మొదట చుట్టంలాగే వుంటుంది. వేరు నేలను తాకిన తరువాత ఇల్లంతా ఆక్రమిస్తుంది. ఆధారమిచ్చిన చెట్టును చుట్టి బిగించివేస్తుంది. దీన్ని లేతలోనే తీసివేయాలి.

వరుసగా ఎట్లా చూడాలి?

చెట్టు క్రింద నిలబడి ఈ వరుసలో చూడండి.

ఒకటి: పచ్చని ఆకు వుందా? లేకుండా పసుపు దారాలే వుంటే బంగారు తీగ.

రెండు: కాండాన్ని క్రిందిదాకా కంటితో అనుసరించండి. నేలకు చేరితే తీగమొక్క. కొమ్మమీదనే ఆగిపోతే తరువాతి గుర్తు చూడండి.

మూడు: పట్టు చూడండి. ఇది అన్నిటికన్న ముఖ్యం. మొక్క అంటుకున్నచోట కొమ్మ ఉబ్బి, రెండు కట్టెలూ అతికినట్లు ఒకటైపోయి వుంటే బదనిక. వేళ్ళు బెరడు పైపైనే పాకి, లోపల కొమ్మ మామూలుగానే వుంటే అది ఫెర్నో, ఆర్కిడ్డో.

నాలుగు: ఆకు వెనుక వరుసగా చుక్కలుంటే ఫెర్ను. దాని లేత ఆకు కూడా సాక్ష్యం చెబుతుంది. రోకలిబండ పురుగు చుట్టుకున్నట్లు చుట్టుకుని వుండి, మెల్లగా విప్పుకుంటుంది. పువ్వుగాని పండుగాని కనబడితే అది ఫెర్ను కానేకాదు.

అయిదు: మొక్కకు అవతలి కొమ్మ ఎట్లా వుంది? సన్నబడి ఎండుతుంటే బదనిక పనే. అయితే ఒక హెచ్చరిక. 2021లో తెలుగు రాష్ట్రాల్లో వేపచెట్ల చిగుళ్ళు చెట్టంతా మాడిపోయినట్లు ఎండడం చాలామంది చూచారు. అది శిలీంధ్రం వల్ల వచ్చిన తెగులు. దానిలో కొమ్మల చివళ్ళు అంతటా ఎండుతాయి, బొడిపె వుండదు. బదనిక వల్లనైతే అది పట్టిన కొమ్మే దెబ్బతింటుంది.

చూడటానికి అనువైన కాలం శివరాత్రి దాటినప్పటినుంచి ఉగాది లోపల. అప్పుడు వేపమాను ఆకు రాల్చి బోడిగా వుంటుంది. బదనిక ఆకు రాలదు. ఎక్కడెక్కడ వుందో దూరంనుంచే లెక్కపెట్టవచ్చు.

బదనికను తీయడం

దోటితో ఆకు లాగివేస్తే ప్రయోజనం లేదు. బొడిపెలో మిగిలిన భాగం మళ్ళీ చిగురిస్తుంది. కొమ్మ చిన్నదైతే, బదనిక పట్టు వేసిన చివరి చోటునుంచి మాను వైపుకు ఒక అడుగు విడిచి, రంపంతో నున్నగా కోయండి. గొడ్డలితో నరికితే కొమ్మ చీలుతుంది. పెద్దకొమ్మ మీదనో, బోదె మీదనో వుంటే కొమ్మను పోగొట్టుకోనక్కరలేదు. బొడిపెదాకా చెక్కివేసి, చిగురు వచ్చినప్పుడల్లా తీసివేస్తుంటే అది క్రమంగా నీరసిస్తుంది.

కోసిన గాయానికి బోర్డో ముద్ద పూయాలి. ఒక కిలో మైలుతుత్తాన్ని అయిదు లీటర్ల నీటిలోనూ, ఒక కిలో పొడిసున్నాన్ని మరో అయిదు లీటర్లలోనూ వేరువేరుగా కలిపి, తరువాత రెండూ ఒకచోట కలపండి. ఇనుప పాత్ర పనికిరాదు. మట్టి పాత్ర గాని ప్లాస్టిక్ బక్కెట్టు గాని వాడండి. ఇనుపకత్తి ముంచి చూస్తే ఎర్రని పూత అంటిందంటే, సున్నం ఇంకా కావాలన్న మాట.

పూత చూచిన వెంటనే, పండు పండకముందే ఈ పని ముగించాలి. కోసిన బదనిక ఆకును మేకలు తింటాయి, కనుక వృథా కాదు. పండ్లున్న కొమ్మలను మాత్రం చెట్లక్రింద వదలక కాల్చివేయండి. కలుపుమందులు చల్లుదామని కొందరంటారు. మందు బదనికకే పరిమితం కాక చెట్టుకూ చేరే ప్రమాదం వుంది. రైతు సేవా కేంద్రంలోనో, ఉద్యానశాఖ వారినో అడగకుండా ఆ పని చేయవద్దు. చెట్టునే కొట్టివేద్దామన్న ఆలోచన అసలే వద్దు. రోడ్డు ప్రక్క మాను మన సొంతం కాదు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం చెట్టు కొట్టడానికి అనుమతి కావాలి.

మరొక మాట. పిట్టకు నీ చేను, నా చేను అన్న భేదం లేదు. ఒకరు తీసి ప్రక్కవారు వదిలితే వచ్చే ఏటికి మళ్ళీ మొదటికి వస్తుంది. గట్టుకు అటూయిటూ వున్న రైతులు ఒక రోజు కూడబలుక్కుని రంపాలతో బయలుదేరితే పని తేలిక, ఫలితం గట్టి. అడవిలో వున్న బదనిక జోలికి మాత్రం పోనక్కరలేదు. అక్కడ దాని పండు పిట్టలకు తిండి, దాని పువ్వు తేనెపిట్టలకు విందు. మన అభ్యంతరం మన తోటలోనూ, మన గట్టుమీదా వున్నదానితోనే.

కనుక సోదరులారా, కూలీలను చెట్టెక్కించేముందు మీరే ఒకసారి పైకి చూడండి. ఆకును చూచి తొందరపడవద్దు, పట్టును చూచి నిర్ణయించండి. కొమ్మతో అతుక్కుపోయినదాన్ని కోయండి. బెరడు పైన ఊరికే కూర్చున్నదాన్ని కూర్చోనివ్వండి.